సాకప్పా సాకు

నన్ను చాలా సినిమాల్లోంచి తీసేశారు. నటినేం కాదు, ట్రాక్ సింగర్ని. పెద్ద గాయని వచ్చి పాడేలోపు పాట ఎలా ఉంటుందో అందరికీ తెలియాలి కదా, అందుకని ముందు నాలాంటిదాన్ని పిలిచి పాడిస్తారు. అది విని డైరెక్టరు తల ఊపుతాడు, హీరోయిను స్టెప్పులు నేర్చుకుంటుంది, పెద్ద గాయని చెవుల్లో పెట్టుకుని అచ్చం అలాగే పాడి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత నా గొంతు తీసేస్తారు. పెళ్ళికూతురి నగ ఎలా ఉంటుందో చూడ్డానికి ముందు చెల్లెలి మెడలో వేసి చూస్తారే, అదన్నమాట నా ఉద్యోగం. చెల్లెలు అద్దంలో చూసుకుని మురిసేలోపే వెనకనుంచి ఎవరో కొక్కెం విప్పేస్తారు.

నా పేరు అర్పిత. వారమంతా బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీలో కూర్చుని ఇంకొకళ్ళు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పడతాను. శని, ఆదివారాలు కుందలహళ్ళిలో రామాంజి స్టూడియోలో పాడతాను. ఆఫీసులో నేను నోరు తెరవకపోతే బాగుండునని అనుకుంటారు, స్టూడియోలో తెరిస్తే బాగుంటుందని అనుకుంటారు. ఇల్లు బెంగళూరు పక్కనే హొసకోటెలో. ఇంట్లో నేనూ, మా నాన్న ఓబళప్పా, ఇద్దరమే. ఆయన్ని నేను అప్పా అని పిలుస్తాను. మా వైపు దారినపోయేవాళ్ళని కూడా అప్పా అనే అంటాం. ఈ అలవాటు వల్ల ఒక సినిమా ఆగిపోబోయింది. అదే ఇప్పుడు చెప్పబోతున్నాను.

మా అప్ప టమోటా మండీలో వేలంపాట పాడించేవాడు. మా వంశంలో పాట అంటూ ఉంటే అదొక్కటే. నేను ట్రాక్ పాడిన సినిమా పాటలు విడుదలైన రోజున ఫోను చెవి దగ్గర పెట్టుకుని అన్నీ వింటాడు. విని ప్రతిసారీ అదే అడుగుతాడు.

“దీంట్లో నువ్వు యాడుండావమ్మా?”

“నేను లేనప్పా. నేను పాడినట్లే ఆమె పాడింది.”

“మరి నువ్వు పాడింది?”

“తీసేసినారు.”

“పాడేసినదాన్ని ఎట్ల తీస్తారు?”

ఎట్లా తీస్తారో నాకు తెలుసు, ఒక మీట నొక్కితే పోతుంది. కానీ ఆయన అడుగుతున్నది అది కాదని కూడా తెలుసు. ఒక్కసారి, ఒక్క పాటలో, “ఇదో, ఇది నేనే అప్పా” అని చెప్పుకోగలిగితే ఇక దేవుణ్ణి ఇంకేమీ అడగనని మొక్కుకున్నాను.

రామాంజి నాతోపాటు హొసకోటె బడిలో చదివాడు. కార్డు మీద మాత్రం ‘రామ్ జె’ అని ఉంటుంది. అతని స్టూడియో ఒక పీజీ హాస్టల్ కింద గది. గోడలకి పాత పరుపులు కొట్టించాడు. పైన ఎవరైనా మిక్సీ వేస్తే కింద పాట ఆపాలి. అలాంటివాడికి మొన్న వేసవిలో ఒక తెలుగు సినిమా దొరికింది. పేరు ‘మూడో తాళంచెవి’. కన్నడంలో బాగా ఆడిన హత్య కథని హైదరాబాదు వాళ్ళు కొని మళ్ళీ తీస్తున్నారు. కథ కొన్నారు గానీ పాటలు కొనలేదు. కాబట్టి పాటలు కొత్తవి కావాలి.

“పాటలనొద్దు, ఆల్బమ్ అను,” అనేవాడు రామాంజి. ఆ మాట అనేటప్పుడు గుడి ముందు చెప్పులు విడిచి నిలబడ్డవాడిలా మొహం పెట్టేవాడు. మరుక్షణమే బెదిరిపోయేవాడు. “కన్నడం పాటలు జనాల నోట్లో ఉండాయి. మనవి వింటే రాళ్ళేస్తారు గదా?”

“రాళ్ళేస్తే ఏరుకుని ఇల్లు కట్టుకుందువులే. ముందు ట్యూను వినిపియ్యి,” అన్నాను.

ట్యూను బ్రహ్మాండంగా ఉంది. ఇంటికి తాళం వేసి ఉండగా లోపల ఒక ధనవంతుణ్ణి ఎవరో చంపేశారు. పోలీసులు హీరోయిన్ని కూర్చోబెట్టి గుచ్చిగుచ్చి అడుగుతుంటారు. అక్కడ ఈ పాట రావాలి. మాటలు రాయాల్సిన కవిగారు హైదరాబాదులో ఉన్నారు, ఒక్క ముక్కా పంపలేదు. సాయంత్రానికి డైరెక్టరుకి వినిపించాలి.

“నోటికొచ్చింది పాడు. లల్లల్లా అన్నా సరే,” అన్నాడు రామాంజి.

నాకు లల్లల్లా అనడం ఇష్టం ఉండదు, చిన్నపిల్లని జోకొట్టినట్టుంటుంది. ఆ పొద్దున ఇంట్లో మా అప్ప రాగిముద్ద మీద ముద్ద పెడుతుంటే కంచానికి రెండు చేతులూ అడ్డం పెట్టి “సాకప్పా, సాకు! సాకప్పా, సాకు!” అని గోలపెట్టాను. కడుపులో ముద్ద ఇంకా కదలకుండా కూర్చునే ఉంది. ఆ అరుపు ట్యూనులో కొలిచి కోసినట్టు ఇమిడిపోయింది. సాకు అంటే కన్నడంలో చాలు అని. మా ఇంట్లో తెలుగే మాట్లాడతాం గానీ చాలు అనే మాట మా నాలుకకి ఎప్పుడూ రాలేదు. చరణాల్లోకి ఆఫీసుకి ఆలస్యమైనప్పుడల్లా మా టీమ్ లీడ్‌కి నేను చెప్పేవన్నీ పాడేశాను.

“బస్సెక్కి వస్తాంటే బ్రేకుడౌనాయె, సిల్కుబోర్డు కాడ సిగ్నలు పాయె, ఆ పొద్దు ఆడ నేను లేనే లేను... సాకప్పా, సాకు!”

రామాంజి నవ్వుతూనే రికార్డు చేశాడు, నవ్వుతూనే పంపాడు. సాయంత్రం టీ తాగుతుంటే డైరెక్టర్ ప్రసాద్ గారి ఫోను. స్పీకర్లో పెట్టాడు.

“రామ్ గారూ! సాకు! ఏం మాటండీ అది!” అని ఆయన అరుస్తున్నాడు. “ఇంట్లో ఉన్న ప్రతివాడూ హత్య జరిగినప్పుడు నేనక్కడ లేనంటాడు. ప్రతివాడూ ఒక సాకు చెప్తాడు. సినిమా మొత్తం ఒక్క మాటలో పెట్టేశారు. సాకు, సాకు, సాకు! ఒళ్ళు జలదరించిందండీ! ఎవరు రాశారు?”

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నిజమే. తెలుగులో సాకు అంటే వంక. బెంగళూరు పక్కన పుట్టి పెరిగినందుకు మా ఇద్దరికీ ఆ అర్థం పుస్తకంలోనే తప్ప నోట్లో లేదు. నేను రాగిముద్ద వద్దని అరిస్తే హైదరాబాదులో అది మహాకవిత్వం అయిపోయింది. రామాంజి ఏదో నిజం చెప్పబోతున్నాడని అనుమానమొచ్చి అతని కాలు తొక్కాను.

“అందరం కలిసి రాసినాం సార్,” అన్నాడు మూలుగుతూ.

“మాటలు ఇవే ఉంచేద్దాం. సింగర్ని మాత్రం ముంబయి నుంచి తెద్దాం.”

నా టీ అక్కడే చల్లారిపోయింది. ముంబయి గాయని అంటే మామూలు గాయని కాదు, ఆమె దగ్గితే కూడా లక్షలమంది వింటారు. ఆమె ఇక్కడికి రానవసరం లేదట, అక్కడే పాడి పంపుతుందట. వారం తిరిగేసరికి పంపింది. విన్నాను. తెలుగు రాదు గనక ఆమె ఏ మాటకి ఆ మాట విడగొట్టి, కడిగి, ఆరబెట్టి పాడింది. “సాకూ... అప్పా... సాకూ...” అప్పా దగ్గర ఒక పెద్ద సంగతి వేసి, గొంతులో కన్నీళ్ళు పెట్టుకుంది. అంత గొప్పగా పాడినందుకు నాకు ఇంకా కోపమొచ్చింది.

“నాది తీసేసినావా?” అని అడిగాను.

రామాంజి తల ఊపాడు. “ఆమెది పెట్టినాక నీది ఎందుకని... అలవాటులో తీసేస్తి.”

అలవాటట! ఆ రోజు రామాంజితో మాట్లాడకుండా బస్సెక్కేశాను.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే రామాంజి ఫోను. “అర్పితా, బిరీన రా. డైరెక్టరు విమానమెక్కి వచ్చేసినాడు. మొహం బాగలేదు.”

నేను వెళ్ళేసరికి ప్రసాద్ గారు స్టూడియో తలుపు లోపలినుంచి గడియ పెట్టించి నిలబడి ఉన్నారు. రామాంజి గడియ తీసి నన్ను లోపలికి రానిచ్చాడు. సన్నగా, నిద్రలేని కళ్ళతో ఉన్నారు. నన్ను చూసి, “ఈవిడెవరు? ఈవిడకి కూడా తెలుసా?” అన్నారు.

“ఏం తెలియాల సార్?” అన్నాను.

“క్లైమాక్స్! ఎవరు చెప్పారు మీకు? నాకూ నిర్మాతకీ తప్ప ఎవరికీ తెలియదు. నటులకి కూడా చెప్పలేదు!”

“బావే గదా సార్ సంపింది?” అన్నాడు రామాంజి. “కన్నడంలో మేం సూసినాం.”

“కన్నడంలో బావ! దాన్ని అందరూ ఫోన్లలో చూసేశారు, అందుకే మార్చాం. నిన్న పాట పెట్టుకుని వింటుంటే గుండె ఆగిపోయింది. సాకు, అప్పా! సాకు, అప్పా! అమ్మాయి పాట పొడుగునా నీ సాకులు నాకు తెలుసు నాన్నా అని ఏడుస్తోంది! సినిమా అంతా మొక్కలకి నీళ్ళు పోసుకునే మనిషిని, ఎవరికీ అనుమానం రాని మనిషిని, పాటలో పట్టి ఇచ్చేశారు!”

పైన ఎవరో మిక్సీ వేశారు.

“అంటే,” అన్నాడు రామాంజి మెల్లగా, “వాళ్ళ నాయనే సంపినాడా సార్?”

రహస్యం తన నోటితోనే బయటపెట్టానని ప్రసాద్ గారికి అప్పుడు తెలిసింది. పక్కనున్న తబలా మీద కూలబడ్డారు. నాకు నవ్వు తన్నుకొచ్చి గోడకున్న పరుపులో మొహం దాచుకున్నాను. ఆ పరుపు ఎవరిదో గానీ దుమ్ముకి తుమ్ములు కూడా తోడయ్యాయి.

కానీ ఆయన తర్వాత అన్న మాటకి నవ్వు ఆరిపోయింది. “ఈ పాట తీసేస్తున్నాం. రహస్యం నిలవని చోట నేను పని చేయలేను. మిగతా పాటలకి కూడా వేరే వాళ్ళని చూసుకుంటాను.”

రామాంజి మొహం చూడలేకపోయాను. నిన్నటి కోపం ఎటుపోయిందో తెలియదు. “సార్, అప్పా అంటే నాన్న కాదు సార్!” అన్నాను. “మా తావ అందరినీ అంటాం. సాకంటే కన్నడంలో చాలు. ఆ పిల్ల పోలీసోళ్ళకి మీ ప్రశ్నలు చాలు నాయనా అంటాండాది, అంతే.”

“దొరికిపోయాక ఎవరైనా ఇలాంటి సాకే చెప్తారు,” అన్నారాయన. అన్నాక ఆ మాట వినబడి ఇంకా చిరాకుపడ్డారు.

“నమ్మద్దండి. భోంచేద్దురు గానీ రండి,” అన్నాను.

వీధి చివర పాపక్క మెస్ ఉంది. చుట్టుపక్కల ఆఫీసుల పిల్లలంతా అక్కడే తింటారు, ఆదివారం మరీను. పాపక్కది హిందూపురం, భారీ మనిషి. ఆమె దృష్టిలో విస్తరిలో ఆకు కనబడితే అది తనకి అవమానం.

“రాప్పా, కూకో,” అంది ప్రసాద్ గారితో. ఆయన ఉలిక్కిపడి నా వైపు చూశారు.

“మీరు ఆమె నాన్న కాదు కదా సార్?” అన్నాను.

పక్క బల్ల దగ్గర ఒకమ్మాయి ఫోన్లో ఎవరితోనో పోట్లాడుతోంది. “సాకప్పా, నీ కథలు సాకు, పెట్టేయ్ ఫోను!” అవతల ఉన్నది ఆమె ప్రియుడని ఆ తిట్టు వింటేనే తెలుస్తోంది. గుమ్మంలో పడుకున్న పిల్లిని పాపక్క “లెయ్యప్పా, దోవ ఇడువు” అని కాలితో జరిపింది. గ్యాసు పొయ్యి గుప్పుమంటే “నీకేమొచ్చెప్పా” అని దాన్నీ పలకరించింది. ప్రసాద్ గారి తల అటూ ఇటూ తిరుగుతోంది.

ఇంతలో పాపక్క ఆయన విస్తరి మీదికి వచ్చింది. అన్నం కొండలా పెట్టి పప్పు పోసింది.

“చాలండి,” అన్నారాయన.

“ఏం సాలుతాదప్పా, చీపురుపుల్ల మాదిరి ఉండావు,” అని ఇంకో గరిటె వేసింది.

“వద్దండీ! ప్లీజ్!”

ప్లీజ్‌కి ఒక ముద్ద పడింది. ఆయన లేచే ప్రయత్నం చేస్తే భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టి సాంబారు గిన్నె వంచింది. సాంబారు అన్నం గట్టు తెగి ఆయన ఒళ్ళోకి వస్తోంది. ప్రసాద్ గారు విస్తరికి రెండు చేతులూ అడ్డం పెట్టి గొంతు చించుకున్నారు.

“సాకప్పా, సాకు!”

పాపక్క గరిటె గాల్లో ఆగింది. “సాకా? ముందే చెప్పకూడదా మరి,” అని పక్క విస్తరికి వెళ్ళిపోయింది.

ఆయన ఆ చేతులు తీయకుండానే నా వైపు తిరిగారు. “నేను ఆవిడని అప్పా అన్నాను,” అన్నారు.

“అన్నారు సార్.”

“ట్యూనులో అన్నాను.”

“రాగం కూడా బాగుండాది సార్,” అన్నాడు రామాంజి.

ఉన్నట్టుండి ఆయన లేచి నిలబడ్డారు. మోచేతిదాకా సాంబారు. కళ్ళు చిన్నపిల్లాడి కళ్ళలా అయిపోయాయి. “రామ్ గారూ, ఇది తీసేయకూడదు! మొదటిసారి మీరు పంపినప్పుడు నేను పదేపదే విన్నాను. నాన్న అన్న అనుమానమే రాలేదు. అప్పా అనేది అందులో ఉందనే గమనించలేదు! పాట పొడుగునా హంతకుడెవరో చెప్తూనే ఉంటుంది, హాల్లో ఎవరికీ వినబడదు. సినిమా అయిపోయాక ఇంటికెళ్తూ పాట పెట్టుకుంటారు, అప్పుడు వినబడుతుంది! దారిలో బండి ఆపేస్తారండీ!” మళ్ళీ కూర్చున్నారు. “మరి ముంబయి ఆవిడ పాడితే మొదటి అప్పాకే ఎందుకు దొరికిపోయింది? మొదటిసారి పాడింది ఎవరు?”

బల్ల గట్టిగా పట్టుకున్నాను. “నేనే సార్.”

“ఐతే నువ్వే పాడాలమ్మా. పేరుతో సహా. ఇప్పుడే!”

సంతోషానికి పిచ్చెత్తినట్టయి పాపక్కని ఇంకో అప్పడం అడిగాను. రెండు వేసింది. రెండూ తినేశాను.

స్టూడియోకి పరిగెత్తాం. మైకు ముందు నిలబడ్డాను. ట్యూను మొదలైంది. “సాకప్పా...” అన్నాను. రామాంజి ఆపాడు. మళ్ళీ అన్నాను. మళ్ళీ ఆపాడు. నాకే తెలుస్తోంది. హంతకుడు నాన్న అని తెలిసిపోయాక అప్పా దగ్గరికి వచ్చేసరికి గొంతు తడబడుతోంది. దాచాలని చూస్తే దొంగలా వినబడుతోంది, మామూలుగా అనాలని చూస్తే ముంబయి దానిలా వినబడుతోంది. చిన్నప్పటినుంచీ రోజూ అంటున్న మాట నా నోటికే రావడం లేదు. ప్రసాద్ గారు గోళ్ళు కొరుకుతున్నారు. కాసేపట్లో ఆయన ముంబయి ఆమెకే నేర్పిద్దాం అంటారని నాకు ఖాయంగా అనిపించింది. ఏడుపొచ్చింది.

అప్పుడే నా ఫోను మోగింది. ఇంటినుంచి. ఆదివారం మధ్యాహ్నం మా అప్పకి వేరే పనేం ఉంటుంది?

“తిన్యావామ్మా?”

“తిన్యానప్పా. పాపక్క దగ్గర.”

“అదేం తిండి! సాయంత్రం బిరీన రా. చిక్కుడుగింజల సారు చేస్తాండా. మూడు ముద్దలు పెడతా.”

“మూడా? సాకప్పా!”

అద్దం అవతల రామాంజి చెయ్యి పైకెత్తి గాల్లో ఊపుతున్నాడు. అదే, అదే, పాడు! ట్యూను మొదలైపోయింది. అప్ప అవతల ఫోను పెట్టేశాడు. నాది స్టాండు మీద పడేసి అందుకున్నాను. ఆయన ఎదురుగా గరిటె పట్టుకుని నిలబడ్డట్టే ఉంది. కంచానికి చేతులు అడ్డం పెట్టాను, నవ్వాను, కసిరాను, బతిమాలాను. ఎక్కడా ఆగకుండా చివరిదాకా పాడేశాను. రామాంజి కుర్చీలోంచి ఎగిరాడు. ప్రసాద్ గారు సాంబారు చేత్తోనే అతన్ని కౌగిలించుకున్నారు.

మెస్‌లో అంత సాక్ష్యం చూపించి అప్పా అంటే నాన్న కాదని వాదించింది నేనే. పాడింది మాత్రం మా నాన్నకే. ఆ సంగతి డైరెక్టరుకి చెప్పలేదు.

ఆల్బమ్ ఒక శుక్రవారం పొద్దున విడుదలైంది. ఆఫీసుకి సెలవు పెట్టాను, సాకు కూడా చెప్పలేదు. రామాంజి ఫోన్లో ఏడుస్తూ నవ్వుతూ పాటల కింద జనం రాసిన మాటలు చదివి వినిపించాడు. ఒరిజినల్‌ని మించిపోయిందని ఒకడు, రీమేక్‌లో మొదటిసారి పాటలు బాగున్నాయని ఇంకొకడు. రాళ్ళు వేసినవాళ్ళు కూడా ఉన్నారు, వాటిని అతను చదవలేదు, నేను తర్వాత చూసి ఒక్కొక్కడికీ తగిన జవాబు ఇచ్చాను.

మా అప్ప వంటింట్లో కట్టెతో రాగిముద్ద కెలుకుతున్నాడు. ఫోను గూట్లో పెట్టి ఆల్బమ్ మొదటినుంచీ పెట్టాను.

“ఇది హత్య సినిమా గదా? ఎవురు సంపినారమ్మా?”

“అప్పా!” అన్నాను కంగారుగా. “అది చెప్పకూడదు.”

అన్నాక నాలుక కరుచుకున్నాను. చెప్పేశాను! కానీ ఆయనకి ఏమీ వినబడలేదు. “చెప్పకపోతే పోనీ,” అని కట్టె తిప్పుకుంటూ ఉన్నాడు. ప్రసాద్ గారి తెలివికి ఆ క్షణంలో దణ్ణం పెట్టాను.

మొదటి పాట అయింది, రెండోది అయింది. ప్రతి పాటకీ నా వైపు చూస్తున్నాడు, నేను తల అడ్డంగా ఊపుతున్నాను. అడగడం మాత్రం అడగలేదు. చాలాసార్లు అడిగి అడిగి మానేశాడేమో అనిపించి మనసు చివుక్కుమంది. మూడో పాట మొదలైంది. కంచం ముందు కూర్చున్నాను. ఆయన ముద్ద తెచ్చి వేశాడు, రెండోది వేయడానికి వంగాడు.

“సాకప్పా, సాకు!” అంది గూట్లోని ఫోను.

ఆయన చెయ్యి ఆగింది. నా మొహం చూశాడు. నా నోరు మూసే ఉంది. మళ్ళీ ఫోను అంది, “సాకప్పా, సాకు!” ఆయన గూటి వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్ళీ గూటి వైపు.

“ఇదో, ఇది నేనే అప్పా,” అన్నాను. ఎన్నాళ్ళుగానో చెప్పాలనుకున్న మాట అది.

ఆయన ముద్ద చేతిలో పట్టుకుని అలాగే నిలబడి పాటంతా విన్నాడు. సిల్కుబోర్డు మాట వచ్చినచోట నవ్వాడు. పంచె అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. పాట చివర నా గొంతు ఇంకొకసారి “సాకప్పా” అంటే, ఫోనుకే జవాబు చెప్పాడు.

“సాలదమ్మా. ఇంకొకసారి పాడు.”

మళ్ళీ పెట్టాను.